లైట్లు ఆర్పిన గంట

గూడెంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి పిల్ల పుష్పలత. అదీ ఫిజిక్స్. నర్సింగ్ చదివితే నాలుగు రాళ్లు చేతికొస్తాయని చెప్పనివాళ్లు లేరు. "చుక్కల చదువు చదివి ఏం జేస్తదట?" అని అడిగినవాళ్లకు ఆమె పెద్దనాయన పగిడయ్య దగ్గర ఒకటే జవాబు. "మీకు చెప్తే అర్థమైతదా ఏంది?" ఆయనకూ అర్థం కాలేదు లెండి. తండ్రి లేని పిల్లను చిన్నప్పటి నుంచి తనే సాకాడు, వెనకేసుకురావడం తన పని అనుకున్నాడు.

ఖమ్మం కాలేజీలో మొదటి ఏడాది పుష్పలతకు చుక్కలు కనిపించింది లెక్కల పేపర్లోనే. ఒకసారి తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. మూడో ఏడు ఖగోళ భౌతికశాస్త్రం వచ్చాక మాత్రం చదువు మీద ప్రాణం పెట్టింది. ప్రాజెక్టుకు మిథునరాశిలో ఒక సన్నటి నక్షత్రాన్ని ఎంచుకుంది. అది పదిరోజులకోసారి మసకబారి మళ్లీ వెలుగుతుంది. పక్క నక్షత్రాలతో పోల్చి దాని వెలుగు ఎంతో రోజూ రాసుకోవాలి.

"ఈ టౌన్ లైట్లలో కనబడదు, మీ ఊళ్లో చూసుకో. బాగా వస్తే ఎమ్మెస్సీ సీటుకు నేనే గట్టిగా చెప్తా," అన్నారు ఫిజిక్స్ చెప్పే హేమలత మేడం.

తీరా ఇంటికొచ్చేసరికి గూడెం నిండా కొత్త వీధిలైట్లు. వాటికోసం ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది పగిడయ్యే. అయినా పిల్ల ముఖం వాడిపోతే చూడలేకపోయాడు. ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించాడు. అన్నాలు తిన్నాక ఒక గంట లైట్లు బంద్. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే లేచే జనం, ఎలాగూ జల్దీ పడుకునేవాళ్లే. ఎవరూ కాదనలేదు.

రోజూ ఆయనే గూడెం చివర స్విచ్ డబ్బా దాకా పోయి ఆర్పి వచ్చేవాడు. మొదటిరోజే ఆయన టార్చ్ వెలుగు కళ్లలో పడి పుష్పలత కసురుకుంది.

"అబ్బ, పెద్దనాయనా! ఒక్కపారి వెలుగు పడితే కండ్లు మళ్ల చీకటికి అలవాటయ్యేసరికి ఎంతసేపు పడ్తదో ఎరుకనా?"

ఆయన నొచ్చుకోలేదు. పైగా చదువుకున్న పిల్ల చెప్పిందని మురిసిపోయి నలుగురికీ ఆ సంగతి చెప్పాడు. మరునాటి నుంచి టార్చ్ జేబులోనే ఉండిపోయింది.

ఒకరోజు లైట్లు ఆర్పి వస్తుంటే ఆ చీకట్లో పగిడయ్యను కట్లపాము కరిచింది. ముల్లు గుచ్చుకుందనుకున్నాడు ఆ పిచ్చి మనిషి. పిల్ల పని చెడుతుందని గంటసేపూ మంచం మీద నోరు మెదపకుండా కూర్చున్నాడు. లైట్లు వేసొద్దామని లేవబోతే కాళ్లు తూలాయి.

"బిడ్డా, రెప్పలు లేస్తలేవే," అన్నాడు.

ఆటో భద్రాచలం దవాఖానా చేరేలోపే ఊపిరి ఆగిపోయింది.

దినాలు అయిపోయాయి. ఎవరూ లైట్లు ఆర్పలేదు, పుష్పలత తలెత్తి ఆకాశం చూడలేదు. ఆమెను ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని కుమిలిపోయింది. ఇంకొన్ని రోజులు చూస్తేనే ప్రాజెక్టు నిలబడుతుందని హేమలత మేడం ఫోన్ చేశారు.

"నేను చదువు బంద్ చేస్త మేడం," అంది పుష్పలత.

ఆ మాట పెద్దమ్మ భీమక్క చెవిన పడింది.

ఆ రోజు అన్నాలయ్యాక ఉన్నట్టుండి లైట్లన్నీ ఆరిపోయాయి. కర్రతో నేల తడుముకుంటూ భీమక్క వాకిట్లోకి వచ్చింది.

"ఎందుకు ఆర్పినవ్ పెద్దమ్మా?" పుష్పలత భోరుమంది.

"నీ మీద నాకు కోపం లేదనుకోకు. ఉన్నది. టార్చ్ వెయ్యొద్దన్న నీ మాట యాదికొస్తే కడుపుల మంట లేస్తది." భీమక్క వాకిట్లోని మంచం మీద కూర్చుంది. "కానీ నీ చదువు కోసమే పోయిండు గదా ఆయన. నువ్వు గిట్ల ఇడిసిపెడితే, దేని కోసం పోయిండని నేను చెప్పుకోవాలె? చూడు."

చుట్టూ ఇళ్లలో పాము భయానికి పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని తలుపులు వేసుకున్నారు. పుష్పలత తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. పెద్ద నక్షత్రాలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే ఆ సన్నటిదాన్ని ఎక్కడని వెతకడం? తుడుచుకుంది. మళ్లీ నిండాయి.

"కనబడ్డదా?" భీమక్క ఆత్రంగా అడిగింది.

"అవ్ పెద్దమ్మా. కనబడ్డది."

భీమక్క కొంగుతో ముఖం తుడుచుకుని, లైట్లు వేయడానికి లేచింది. ఈ చదువులో చేరిన తర్వాత, చూడనిదాన్ని చూశానని పుష్పలత చెప్పడం అదే మొదటిసారి.