వేలెడు వదులు

ఇంతకుముందు నేను ఏదీ రాసి ఎరగను. ఈ పెద్దకోడలి సంగతి మటుకు రాయకుండా ఉండలేకపోయాను.

రోజూ తొమ్మిదింటికల్లా ఆమె ఆఫీసు వంటగదిలో టీ పెట్టేది. ఎనిమిది మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. నడిపేది ఆమె తోడికోడలు. ఒకప్పుడు చొక్కాలు కుట్టిన చేతులతో పెద్దకోడలు అక్కడ కప్పులు కడిగేది. చిన్నకోడలిని అందరూ "మేడం" అంటారు. తనని మాత్రం "ఇటు రెండు కప్పులు" అంటారు. ఆ తేడా విన్నప్పుడల్లా ఆమె కప్పులు ఠంగుమనేలా పెట్టేది.

ఆ కంపెనీలో పాతబడి ఆపేసిన ప్రతి ప్రోగ్రామూ మనిషి రూపంలో కంప్యూటర్ తెరలోంచి దిగి వంటగదిలోకొచ్చి ఉండిపోయేది. అలా మొదట దిగొచ్చిన, మందుల వేళ గుర్తుచేసే ప్రోగ్రాం స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ "వేసుకున్నారా?" అని అడిగేది. బస్సుల వేళలు చెప్పేది కూర్చోమన్నా కూర్చోక గుమ్మంలోనే నిలబడేది. వాటికి వేణ్ణీళ్లిచ్చేదీ దుమ్ము దులిపేదీ పెద్దకోడలే. చిన్నకోడలు అటు తొంగిచూస్తే చాలు, రెండూ ముఖాలు చేటంత చేసుకునేవి.

"తాగేది నా చేతి నీళ్లు, నవ్వేది ఆవిడకా," అని గొణుక్కునేది పెద్దకోడలు.

ఒక సాయంత్రం, పన్నెండేళ్లు పనిచేసిన దర్జీల కొలతల ప్రోగ్రాం నెరిసిన జుట్టుతో దిగొచ్చింది. దాని బదులు చేసిన కొత్తదాన్ని మర్నాడు పదకొండింటికి నలభై మంది దర్జీలకు చూపించబోతున్నారు. వాళ్లు కొంటేనే కంపెనీ నిలుస్తుంది.

"కొత్తది చెప్పే కొలతల్లో చంక కింద వదులు లేదు," అంది ముసలిది. "కుర్రాళ్లు అనవసరమని తీసేశారు. చెయ్యెత్తితే చొక్కా చిరుగుతుంది."

పెద్దకోడలికి నవ్వాగలేదు. "చిరగనీ. మేడంగారి పరువు కూడా చిరగనీ."

"మనిషన్నాక ఊపిరి తీసుకోవాలి కదే పిచ్చిదానా," అంది ముసలిది ఉన్నట్టుండి గొంతు మార్చి. "వేలెడు వదులు పెట్టుకోవాలి."

ఆ గొంతు పెద్దకోడలిదే. పదమూడేళ్ల కిందట, కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు కాగితం పట్టుకుని కుట్టుమిషను పక్కన చేరి "కొలతలెలా తీస్తారక్కా?" అని అడిగితే, గుండీలు కుడుతూ తను చెప్పిన మాటలు. చెప్పి మర్చిపోయింది.

"నాలో ఉన్న గొంతంతా నీదే," అంది ముసలిది.

అప్పుడే చిన్నకోడలు తలుపు తీసింది. "అక్కా, రేపు నలభై కప్పులు ఎక్కువ కావాలి."

పెద్దకోడలు తలూపింది. ఇంటికెళ్లి పాత కొలతల టేపు వెతికి తీసింది.

మర్నాడు పొద్దున ఆమె వంటగదికి వెళ్లలేదు. టేపు మెళ్లో వేసుకుని, నేరుగా వెళ్లి చిన్నకోడలి కుర్చీలో కూర్చుంది.

చిన్నకోడలు వచ్చి తెల్లబోయింది. "ఏంటక్కా ఇది?"

"నీ కొత్తదానికి ఊపిరాడదు. ఇంకో కుర్చీ తెచ్చుకో, చెబుతాను. ఈసారి ఎవరు చెప్పారో కూడా రాయి."

పదకొండింటికి దర్జీలొచ్చేసరికి పెద్దకోడలు ఇంకా ఆ కుర్చీలోనే ఉంది.