లిసియాటే మేనత్త డనీడిన్ వచ్చింది

మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం: నేను, ఫర్గస్, లిసియాటే. డనీడిన్‌లో యూనివర్సిటీకి ఎగువన, ఏటవాలు వీధిలో, ఎండ మొహం చూడని పాత చెక్క ఇల్లు. చలికాలం వంటగదిలో నోరు తెరిస్తే మాటతోపాటు ఆవిరి వచ్చేది. వీధంతా మాలాంటి విద్యార్థులే. శనివారం వచ్చిందంటే పాత సోఫాలు వాకిట్లోకి వచ్చేవి, వాటి వెనకే బీరుపెట్టెలు. అక్కడ తాగనివాడిని వింతగా చూసేవాళ్ళు గానీ తాగేవాడిని కాదు. అందుకే లిసియాటే సంగతి మాకు చాలాకాలం తెలియలేదు.

లిసి టోంగా దీవులవాళ్ళ అబ్బాయి, ఓమరూ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. తల్లీ తండ్రీ మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంటే వాణ్ణి పెంచింది మేనత్త, లవీనియా. "మాట వినకపోతే మా నాన్న నన్ను తిడతాడు. మా అత్త నన్నూ తిడుతుంది, మా నాన్ననీ తిడుతుంది" అనేవాడు.

తలుపుకి సరిపోయేంత మనిషి, పిల్లాడి గొంతు. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా అల్లం కాచి తెచ్చేది వాడే. వాడు చదివేది సర్వేయింగ్. నాది ఫిజియోథెరపీ. అయినా నా పరీక్ష ముందు ఎముకల పేర్లన్నిటికీ కూర్చుని పాట కట్టాడు, వాళ్ళ చర్చి కీర్తన వరసలో. పరీక్ష హాల్లో మోచేయి దగ్గరికి వచ్చేసరికి నాకు భక్తి పొంగుకొచ్చింది.

రెండో సంవత్సరంలో మనిషి మారాడు. శనివారం తాగుడు గురువారానికి వచ్చింది, తర్వాత దానికి వారంతో పనిలేకుండా పోయింది. పొద్దున్నే వాడి చేతిలో ఉండే టీ కప్పులో టీ వాసన ఉండేది కాదు. నిద్ర పట్టడం లేదని ఎవరి దగ్గరో మాత్రలు కూడా సంపాదించాడు. అడిగితే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఎవరైనా ఊరుకోవాల్సిందే.

జూలైలో, అంటే మా దగ్గర నడి చలికాలం, ఒక మధ్యాహ్నం నేను క్లాసు నుంచి వచ్చేసరికి వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ. పొయ్యి మీద మూకుడు మాడిపోతోంది, పక్కనున్న గుడ్డ రాజుకుంటోంది. లిసి బల్ల మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. రొట్టె మాడినప్పుడల్లా అరుస్తోందని పొగ అలారాన్ని మేం ఎప్పుడో ఊడబీకి సొరుగులో పడేశాం. గుడ్డని తొట్టిలో పడేసి పంపు తిప్పి, వాణ్ణి కుదిపాను. లేవలేదు. చెంపలు వాయించాను. చివరికి కళ్ళు తెరిచి నన్ను చూసి, "మాడిపోయిందా? నీకోసమేనే, గుడ్లు" అన్నాడు.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

సాయంత్రం ఫర్గస్ వచ్చాక ముగ్గురం ఆ మసిలోనే కూర్చున్నాం. ఫర్గస్ గొర్రెల రైతు కొడుకు, మాట తిప్పి చెప్పడం రాదు.

"చచ్చుండేవాడివిరా," అన్నాడు.

"నువ్వు తాగవేంటి? మొన్న శనివారం పక్కింటి పైకప్పెక్కి పాడింది ఎవడ్రా?"

"నేనే. కానీ ఆదివారం పొద్దున్న నేను కాఫీ తాగా. నువ్వేం తాగావ్?"

లిసి లేచి తన గదిలోకి వెళ్ళి సీసాలు తెచ్చాడు. మంచం కింద, బట్టల్లో, సర్వే కర్రల సంచిలో దాచినవన్నీ. ఒక్కొక్కటే తొట్టిలో ఒంపేశాడు. మాత్రలు కూడా పారేశాడు. "అయిపోయిందే మార్నీ. ఇక చుక్క ముట్టను" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. ఫర్గస్ వాణ్ణి వాటేసుకున్నాడు. అలవాటుపడ్డ ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే తట్టుకోలేదని మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్న లిసి చేతులు కప్పు పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. ఆ చలిలో చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. "గోడ మీద ఏదో పాకుతోంది చూడవే" అన్నాడు. గోడ మీద ఏమీ లేదు.

"కొంచెం విస్కీ పోద్దామా?" అన్నాడు ఫర్గస్ నాతో, గొంతు తగ్గించి. వాడి మొహం తెల్లబడిపోయింది.

లైబ్రరీ బాత్రూం తలుపు మీద రోజూ చూసే, తాగుడు మానేవాళ్ళకి సాయం చేసే ఒక ఉచిత ఫోను నంబరు నాకు గుర్తుంది. దానికి చేశాను. ఒకావిడ ఎత్తి, నేను చెప్పిందంతా అడ్డుతగలకుండా విని, "వాణ్ణి ఒంటరిగా వదలొద్దు తల్లీ. సొంత వైద్యాలొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మూర్ఛ గానీ వస్తే క్షణం ఆగకుండా అంబులెన్సు పిలవండి" అంది. ఫోను పెట్టేసే ముందు, "నువ్వు వాడిమీద చాడీ చెప్పడం లేదు. గుర్తుంచుకో" అని కూడా అంది. ఆ మాట ఆవిడకెలా తట్టిందో. నేను సరిగ్గా అదే అనుకుంటున్నాను.

చెరో రెక్కా పట్టుకుని వీధి దిగాం. యూనివర్సిటీ ఆసుపత్రి పల్లంలోనే ఉంది.

"అందరూ చూస్తున్నార్రా. పరువు పోతుంది," అన్నాడు లిసి.

"నీ పరువు సంగతి తర్వాత. ముందు నిన్ను మొయ్యలేక చస్తున్నాం," అన్నాడు ఫర్గస్ రొప్పుతూ.

అక్కడ ఎవరూ నీతులు చెప్పలేదు. నర్సు వరసలో నిలబెట్టకుండా నేరుగా లోపలికి తీసుకెళ్ళి నాడి చూసింది. డాక్టరు మాత్రల పేర్లన్నీ అడిగి, "మానాలనుకోవడం మంచిదే బాబూ. కానీ మెట్లు దిగినట్టు దిగాలి, మేడ మీంచి దూకకూడదు" అని పెద్దాసుపత్రికి పంపాడు. వణుకు తగ్గేదాకా అక్కడ ఉంచుకున్నారు. తర్వాత, ఇంటికి పంపాలంటే పగలూ రాత్రీ పక్కన ఒక పెద్ద మనిషి ఉండి, మందులు వేళకి ఇవ్వాలన్నారు. మేం ఉంటామన్నాం. మీరు పిల్లలు అన్నారు.

అప్పుడే నైరీ వచ్చింది. యూనివర్సిటీలో విద్యార్థుల తాగుడు, మత్తు సమస్యలు చూసే కౌన్సెలర్. నెరిసిన జుట్టు, ఈ నేల మూలవాసులైన మావొరీల మనిషి. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"ఇంట్లోవాళ్ళకి తెలుసా నాన్నా?"

"వద్దు. చెప్పొద్దు."

"నువ్వు చెప్పమనందే చెప్పం. ఇది నీది. కానీ నీకెవరైనా కావాలనిపిస్తోందా?"

లిసి చాలాసేపు దుప్పటి అంచు మడతపెట్టాడు. తర్వాత చెయ్యి చాపి నా ఫోను అడిగాడు. స్పీకరు పెట్టక్కర్లేదు, లవీనియా అత్త గొంతు గదంతా వినిపిస్తుంది.

"ఏరా, పనిరోజు ఫోనేంటి? గొంతేంటి అలా ఉంది?"

"ఆసుపత్రిలో ఉన్నానత్తా."

"అయ్యో నా తండ్రీ! కాలా, చెయ్యా? రగ్బీ ఆడొద్దని చెప్పానా లేదా!"

"రగ్బీ కాదత్తా. తాగుడు."

అవతల పంపులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. కాసేపటికి పంపు ఆగింది.

"కాళ్ళకి మేజోళ్ళు వేసుకున్నావా?" అంది అత్త.

"ఆ... వేసుకున్నా."

"సరే. బయల్దేరుతున్నా."

సాయంత్రానికి మా వాకిట్లో తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి ఒక పరుపు, రెండు బొంతలు, గంగాళమంత గిన్నె, చివరికి పూల గౌనులో లవీనియా అత్త దిగింది. ఇల్లంతా ఒకసారి కలియతిరిగి, "ఇక్కడ మనుషులుంటున్నారా, బంగాళాదుంపలు నిల్వ చేస్తున్నారా?" అంది. నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వేనా మార్నీవి? ఎముకలు చదువుతున్నావటగా, కనబడుతూనే ఉన్నాయి. కూర్చో, తిను" అని చామాకుల్లో గొడ్డుమాంసం, కొబ్బరిపాలు చుట్టి ఉడికించిన పొట్లాలు నా ముందు పెట్టింది. ఫర్గస్ ఆవిడ చెప్పకముందే సొరుగులోంచి పొగ అలారం తీసి గోడకి బిగించాడు.

లిసిని ఇంటికి తెచ్చాక వాడి గది గుమ్మానికి అడ్డంగా పరుపు వేసుకుని అక్కడే పడుకునేది అత్త. మందు వేళకి ఇచ్చేది, మింగాడా లేదా అని నోరు తెరిపించి చూసేది. వాడు ఏడిస్తే తల నిమిరేది. కానీ నైరీ దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం మొండికేసింది.

"ముక్కూ మొహం తెలీని మనిషికి మనింటి గుట్టు చెప్పుకోవాలా? మనకి దేవుడు లేడా?"

"ఉన్నాడత్తా. నైరీ కూడా ఉంది," అన్నాడు లిసి. వాడు అత్తకి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ రావే. అత్త పక్కన నేనొక్కణ్ణే కూర్చోలేను" అన్నాడు గుసగుసగా.

నైరీ గదిలో ముందు టీ వచ్చింది. అత్తది టోంగాలో ఏ దీవి, ఓమరూ ఎప్పుడొచ్చారు, నైరీ వాళ్ళది ఏ తీరం, తల్లిదండ్రులెవరు, అదంతా అయ్యాకే అసలు మాట.

"ఇదెప్పుడు మొదలైంది లిసియాటే?"

"మొదలేముందమ్మా, స్నేహాలు," అంది అత్త, నావైపు చూడకుండానే నన్ను చూస్తూ. "చిన్నప్పుడు పాలు తప్ప ఏమీ తాగేవాడు కాదు. చర్చి బ్యాండులో యుఫోనియం వాయించేవాడు, అంత పెద్ద బాకాని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని..."

"లవీనియా గారూ, మీ మాట నేను తప్పకుండా వింటాను. ఈ ప్రశ్న మాత్రం వాడిది."

అత్త నోరు మూసుకుంది. చలిలో కూడా చేతిలోంచి దించని విసనకర్ర వేగం మాత్రం పెరిగింది.

లిసి నేల చూస్తూ చెప్పాడు. "నేను బయల్దేరిన రోజు బస్సు దాకా బ్యాండు వచ్చింది కదత్తా. నువ్వు ముందు నడిచావు. ఇప్పటికీ ప్రతి ఆదివారం నా పేరుపెట్టి ప్రార్థన చేస్తున్నారు. పోయినేడు లెక్కల్లో ఫెయిలయ్యాను. ఎలా చెప్పను? చెప్పలేక తాగాను. తాగితే నిద్ర చెడింది, నిద్రకి మాత్రలు. వాటి మత్తులో క్లాసులు పోయాయి. అది మర్చిపోడానికి మళ్ళీ..."

విసనకర్ర ఆగింది.

"లెక్కలు తప్పానని నాకు చెప్పడం కంటే, ఇల్లు తగలబెట్టుకుని చావడం తేలికనిపించిందట్రా?"

అత్త వాడి చేతిని లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ బ్యాండు పెట్టించింది నేనే. ఊరంతటికీ వినబడాలనుకున్నాను. పక్కనే ఉన్న నీ చెవులు ఏమవుతాయో అనుకోలేదురా నాన్నా." తర్వాత నైరీ వైపు తిరిగింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?"

"ఇప్పుడు చేసిందే. ఊరికే వినడం."

"మా వంశంలో అదొక్కటీ లేదు," అంది అత్త. ముందు లిసి నవ్వాడు. తర్వాత అందరం.

నైరీ వాడి తరఫున కాలేజీతో మాట్లాడింది. ఆ ఏడాదికి రెండు సబ్జెక్టులు మాత్రం ఉంచుకుని మిగతావి వదిలేశాడు. వారానికోసారి ఆమె దగ్గరికి, ఇంకోసారి మధ్యాహ్నం వాడిలాంటి విద్యార్థులు కలుసుకునే గుంపుకి వెళ్ళేవాడు. అత్త ఓమరూ తిరిగి వెళ్ళినా గుంపు కూడే రోజు వంటతో వచ్చేసేది. బయటివాళ్ళు లోపలికి రాకూడదన్నారు. "సరే, నా గిన్నె బయటిది కాదుగా" అని గిన్నె పంపించి తను వ్యానులో కూర్చునేది.

సెప్టెంబరులో మళ్ళీ జారాడు. ఎండ కాసిన శనివారం, రగ్బీ మ్యాచి, వీధంతా సోఫాలు. ఎవడో చేతికి సీసా ఇచ్చాడు, కాదనలేకపోయాడు. సోమవారం పొద్దున్న చూస్తే మంచం ఖాళీ, ఫోను ఎత్తడం లేదు. నేనూ ఫర్గసూ పబ్బులన్నీ తిరిగాం, సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. ఎక్కడా లేడు. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తుంటే పల్లంలోంచి వాడే ఎక్కి వస్తున్నాడు.

"ఎక్కడికి పోయావురా?"

"నైరీ దగ్గరికి. ఆఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నా."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"నా కాళ్ళే."

"తిట్టిందా?"

"టీ ఇచ్చింది. ఎక్కడ జారానో మొదట్నుంచీ చూసుకున్నాం. ఇలా జరుగుతుందట, జరిగినప్పుడు దాక్కోకుండా రావడమే ముఖ్యమట." మాతోపాటు వాలు ఎక్కుతూ, "అత్తకి కూడా నేనే చెప్పా" అన్నాడు.

ఫర్గస్ వాడి భుజం మీద ఒక్కటేశాడు, ముద్దుగానే గానీ గట్టిగా. ఆ రోజు నుంచి మా వాకిట్లోకి సోఫా రాలేదు.

నవంబరులో ఫలితాలు వచ్చేసరికి అత్త మా వంటింట్లోనే ఉంది. లిసి పైకి చదివాడు. ఒకటి పాసు, లెక్కలు మళ్ళీ పోయాయి.

"మళ్ళీ రాయనిస్తారా?" అంది అత్త.

"ఇస్తారు."

"అయితే రాద్దువు గానీ. చర్చిలో ఏం చెప్పమంటావు?"

"నేనే వచ్చి చెప్తా."

ఆ ఆదివారం మా ఇద్దర్నీ కూడా ఓమరూ లాక్కెళ్ళాడు. ప్రార్థనయ్యాక లేచి నిలబడి, లెక్కల్లో తప్పాననీ, తాగుడుకి బానిసనయ్యాననీ, ఇంకా బయటపడుతూనే ఉన్నాననీ, మనుషుల సాయం అడిగాననీ చెప్పాడు. పాస్టరు గారు లేచి వచ్చి వాడి నుదురు ముద్దుపెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నారు.

తర్వాత వెనక షెడ్డులో భోజనాలు. నల్ల గౌను వేసుకున్న ఒకావిడ మా బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి లిసి పక్కన వంగింది. "నాయనా, మా పెద్దాడు ఇన్వర్కార్గిల్ కాలేజీలో... నువ్వు మాట్లాడిన ఆవిడలాంటి వాళ్ళు అక్కడ కూడా ఉంటారా?"

"ఉంటారు పిన్నీ. వాడితో ముందు నేను మాట్లాడనా?" అంటూ లిసి పళ్ళెం వదిలి లేచాడు. ఇద్దరూ గోడవారగా పోయి కూర్చున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెబుతోంది, వాడు తల వంచుకుని వింటున్నాడు.

లవీనియా అత్త అటు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి నా పళ్ళెంలో ఇంకో చామదుంప వేసింది.

"ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని లేదా అత్తా?" అన్నాను.

"చచ్చేంత ఉంది," అంది. "నువ్వు తిను."