ఊపిరికి వదిలిన పావంగుళం

మంగళవారం పొద్దున్న గవర్రాజు ఛాతీలో కిటికీ పడుతుంది. పైన వంపు తిరిగి, కింద చదరంగా, చర్చి గోడలకి ఉంటుందే, అలాంటి కిటికీ. తలుపుల్లేవు, చట్రం లేదు, ఉత్త ఖాళీ. అతను మంచం మీద లేచి కూర్చుంటే, వెనక గోడకున్న క్యాలెండరు అందులోంచి అతని పెళ్ళాం నూకరత్నానికి స్పష్టంగా కనబడుతుంది. ఆవేళ షష్ఠి.

"నొప్పిగా ఉందా మావా?" అని అడుగుతుంది.

"నొప్పేం లేదే. కాస్త గాలాడుతుందంతే," అంటాడు గవర్రాజు.

నూకరత్నం గుండెలు బాదుకునే రకం కాదు. సామర్లకోట స్టేషను రోడ్డులో జాకెట్లు కుట్టే కొట్టు ఆవిడది. బిగుతైన జాకెట్టు పట్టుకొచ్చి మీద పడే ఆడవాళ్ళని రోజూ చూసే మనిషికి మొగుడి ఛాతీలో కిటికీ ఏపాటి? టేపు తీసి పొడుగూ వెడల్పూ కొలిచి, సుద్దముక్కతో తలుపు మీద రాసుకుని, టీ పెట్టడానికి వెళ్తుంది.

చిక్కల్లా అతని పనితో వస్తుంది. గవర్రాజు లోవతల్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. తన పెళ్ళి ఊరేగింపుకి కూడా తనే వాయించుకున్నాడు. ఆవేళ బదులు వస్తానన్నవాడు రాకపోతే, నుదుటి బాసికంతోనే క్లారినెట్ అందుకుని ఊరు చివరిదాకా ఊదుకుంటూ వచ్చాడు. ఆ పాటకే నూకరత్నం మనసు పారేసుకుంది. అప్పటికి మూడు ముళ్ళూ పడిపోయాయి కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఇప్పుడతను క్లారినెట్ నోట పెట్టుకుని ఊదితే, ఊపిరి గొంతుదాకా రాదు. సగం దారిలో కిటికీ కనబడి అటే వెళ్ళిపోతుంది. క్లారినెట్ మూగగా ఉంటుంది. వీధిలో ఆరేసిన చీరలు మాత్రం రెపరెపలాడతాయి.

ఊపిరి వెళ్ళిన దారి పాటలకి తెలియదా? మొదట, పెళ్ళికూతురు కారెక్కేటప్పటి పాట వెళ్ళిపోతుంది. కిటికీ అంచు మీద కాసేపు కూర్చుని, కిందికి దూకి, పాలాయన సైకిలు క్యారియరెక్కి పెద్దాపురం వైపు పోతుంది. నూకరత్నం వీధి మలుపుదాకా పరిగెడుతుంది గానీ అందదు.

"ఆ పాట పోయింది మావా," అంటుంది రొప్పుతూ.

"ఏ పాట?" అంటాడు గవర్రాజు.

అప్పుడు మాత్రం ఆవిడకి భయం వేస్తుంది.

బ్యాండు మేస్త్రి సూరిబాబు పరామర్శకి వస్తాడు. గవర్రాజుకి ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి, వెనక బల్ల మీదున్న టీగ్లాసు అందుకుంటాడు. పెద్దమనిషి, చెయ్యి తగలకుండానే తీస్తాడు.

"శ్రావణం ముహూర్తాలు దగ్గరికొచ్చేశాయమ్మా," అంటాడు. "పాటలన్నీ పోయాక కిటికీ మూసినా ఏం లాభం? ఖాళీ డబ్బాకి మూత పెట్టినట్టు. ఒక్కటి మిగిలుండగా మూసెయ్. ఒక్కటుంటే చాలు, మిగతావి దాని పిల్లలే."

నూకరత్నం ముందు తనకి తెలిసిన పనే చేస్తుంది. మంచి లైనింగు వేసి, అంచుల్లో హుక్కులు పెట్టి, కిటికీకి సరిపడా గుడ్డ కుడుతుంది. గవర్రాజు ఒక్కసారి ఊపిరి తీస్తాడు. గుడ్డ తెరచాపలా ఉబ్బి అతన్ని రైల్వే గేటుదాకా లాక్కుపోతుంది. గేటు వేసి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కాకినాడ పోర్టులో వెతుక్కోవాల్సొచ్చేది.

తర్వాత గాజు షాపులో తెల్ల అద్దం కోయించి పెడుతుంది. ఊపిరి బయటికి పోకుండా ఆగుతుంది. పాటలు ఆగవు. తెల్లగాజు వాటి కంటికి ఆనదు. లేనిదాన్ని దాటినట్టు దాటి పోతాయి.

"రంగుండాలమ్మా," అంటాడు గాజు షాపాయన. "రంగు కనబడితే పాట ఆగి చూస్తుంది. ఆ పని ఫిలోమినమ్మ గారికే తెలుసు. మెయిన్ రోడ్డులో రెండంతస్తుల మేడ ఉంది చూడు, అందులో మూడో అంతస్తు."

మెట్లు రెండో అంతస్తుతో అయిపోతాయి. నూకరత్నం ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది. తలుపు తీసి ఉంది.

ఫిలోమినమ్మ ఏదో చర్చి కిటికీలో రంగుగాజు బొమ్మై, చాలా ఏళ్ళు పునీతురాలిగా నిలబడి, మోకాళ్ళు నొప్పెట్టి దిగి వచ్చేసిన మనిషి. ఎదురుగా చూస్తే ఎర్రంచు నీలం చీరలో నిండుగా ఉంటుంది. పక్కకి తిరిగితే సన్నటి గీత మిగులుతుంది, అంతే. మెడ చుట్టూ టంకం అతుకు మెరుస్తూ ఉంటుంది.

"నేర్పుతారా అండీ?" అని అడుగుతుంది నూకరత్నం.

ఫిలోమినమ్మ ఆవిడ చేతులు తిప్పి చూస్తుంది. బొటనవేలు కత్తెర పట్టి పట్టి కాయ కాసి ఉంది. "కత్తెర చేతులు. మొండివి. సర్లే, ముందు బొమ్మ గియ్యి. ఏ పునీతుడు కావాలో నీ ఇష్టం."

నూకరత్నానికి పునీతులు గీయడం రాదు. వచ్చిందల్లా జాకెట్టు. ఖాకీ కాగితం పరిచి ముందు భాగాలు, వీపు, చేతులు, నడుం పట్టీ గీసి, వాటినే ఆ వంపు కిటికీలో చక్కగా సర్దుతుంది. ఫిలోమినమ్మ చాలాసేపు చూసి, "ఎవరీవిడ?" అంటుంది.

"ఎవరికైనా సరిపోద్దండి," అంటుంది నూకరత్నం.

రంగులు ఎంచడం ఆవిడకి చిటికెలో పని. మ్యాచింగ్ సెంటర్లో పుట్టి పెరిగినంత ధీమాగా గాజు పలకల్ని వెలుగుకి పట్టి చూస్తుంది. నెమలికంఠం, వంగపండు, చిలకాకుపచ్చ, ముదురు పసుపు. నెమలికంఠం పలక కొంచెం బరువుగా ఉంది. అందులో నీళ్ళున్నాయని ఫిలోమినమ్మ చెబుతుంది. నూకరత్నం ఆ పలకనే ఎక్కువ తీసుకుంటుంది.

కోతే కష్టం. కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, కాగితం అంచు వెంబడి ఒక్కసారి గీయాలి. ఒక్కసారే. గాజుకి ఏదైనా ఒక్కసారే చెప్పాలి, రెండోసారి గీస్తే పోట్లాటకి వచ్చారనుకుని దానిష్టం వచ్చిన చోట పగులుతుంది. ఆవిడ మొదటి పలకని గట్టిగా నొక్కుతుంది. అది మూడు చెక్కలై, తలో మూలకీ వెళ్ళి కూర్చుంటుంది.

"కత్తెర కాదది. నొక్కకు. చప్పుడు విను."

నూకరత్నం కళ్ళు మూసుకుని గీస్తుంది. పట్టుగుడ్డ చింపినప్పటి చప్పుడు. ఆ చప్పుడు ఆవిడకి పుట్టింటి భాష. ఇక తిరుగుండదు. గీత రెండు పక్కలా బొటనవేళ్ళు పెట్టి విరిస్తే గాజు టప్పున, ఒప్పుకుంటున్నట్టు విడిపోతుంది. పచ్చగాజు విరిగినప్పుడు లోపల్నుంచి చిలక అరుపొకటి బయటికొచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఒకసారి వేలు తెగుతుంది. నెత్తురు రాదు, ఎర్ర దారం వస్తుంది. పంటితో కొరికి పని చేసుకుంటుంది.

ముక్కలన్నీ కోశాక, ఒక్కోదాని అంచుకీ రాగి టేపు చుట్టాలి. "ఇది మెడకి పైపింగే కదండీ," అంటుంది నూకరత్నం. మాట పూర్తయ్యేలోపు సగం ముక్కలు చుట్టేసి ఉంటాయి. ఫిలోమినమ్మ మెచ్చుకోలుగా పక్కకి తిరుగుతుంది, అంటే కనబడకుండా పోతుంది.

తర్వాత టంకం. కాలిన ఇనుము తగిలిస్తే టంకం తీగ కరిగి, రాగి మీద పూసలా పరుగెత్తాలి. నూకరత్నం తగిలిస్తుంది. తీగ కరగదు.

"ఇనుము వేడెక్కలేదేమో అండి."

"ఇనుము బాగానే ఉంది. టంకం నిజానికే కరుగుతుంది. ఏదైనా చెప్పు."

"మా ఆయన కులాసాగానే ఉన్నాడండి," అంటుంది నూకరత్నం. తీగ నిటారుగా ఉంటుంది.

"మీరు చక్కగా నేర్పుతున్నారండి." తీగ చివర కాస్త మెత్తబడుతుంది.

నూకరత్నం ఇనుముని తీగకి ఇంకోసారి ఆనిస్తుంది. తర్వాత అంటుంది, "నాకు భయంగా ఉందండి. పాటలన్నీ పోయి, ఒట్టి మనిషి మిగిల్తే, ఆ మనిషి నాకు తెలీదండి. నన్ను పెళ్ళాడింది ఆయన ఊపిరేనండి."

టంకం జలజలా కరిగి అతుకంతా పాకుతుంది. ముందు వైపు, తిప్పి వెనక వైపు. ఆవిడ ఏడవదు. వెండిరంగు గీతలు చల్లబడేసరికి కిటికీ ఒక్క ముక్కై నిలబడుతుంది.

అప్పుడు ఫిలోమినమ్మ టేపు పెట్టి కొలుస్తుంది. "ఇదేంటి? నువ్వు చెప్పిన కొలతకన్నా పెద్దదైంది."

నూకరత్నం నాలుక్కరుచుకుంటుంది. ఇన్నేళ్ళ చేతివాటం! అంచుముక్కలన్నిటికీ బయటివైపు పావంగుళం వదిలి కోసేసింది. ఏ దర్జీ అయినా వదిలేదే. కుట్టుకి కొంచెం, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి కొంచెం.

"గాజుకి కుట్టేంటమ్మా? గాజు ఒళ్ళు చేస్తుందా?" ఫిలోమినమ్మ కేకలేస్తుంది. మెడ అతుకు ఎర్రబడుతుంది. "నేను నిలబడ్డ గోడ ఒక్క పిసరైనా పెరిగిందా? అంచులన్నీ అరగదియ్యి. లేదా మళ్ళీ మొదలెట్టు."

మళ్ళీ మొదలెట్టే తీరికెక్కడిది? ఇంటి దగ్గర పాటలు బారులు తీరి దిగిపోతున్నాయి. తలంబ్రాల పాట పోయింది. అప్పగింతల పాట పోతూ పోతూ పొరుగింటావిణ్ణి ఏడిపించి మరీ పోయింది. గవర్రాజు వాటి పేర్లు కూడా అడగడం మానేశాడు. ఇక మిగిలింది తన పెళ్ళికి తను వాయించుకున్న పాటొక్కటే, అదీ కిటికీ అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. నూకరత్నం ఆకురాయి, గాజూ రెండూ చంకన పెట్టుకుని ఇంటికి పరిగెడుతుంది.

గవర్రాజు గుమ్మంలో కూర్చుని, అలవాటు చొప్పున క్లారినెట్ నోట పెట్టుకుని ఉంటాడు. వాయించడానికి నిండా ఊపిరి తీసుకుంటాడు. ఛాతీ పొంగుతుంది. ఛాతీతోపాటు కిటికీ కూడా నాలుగు వైపులా సాగుతుంది. నూకరత్నం గభాల్న టేపు పెడుతుంది. అన్ని వైపులా సరిగ్గా పావంగుళం.

ఆవిడ ఆకురాయిని వీధిలోకి విసిరేస్తుంది.

మంగళవారం తను కొలిచింది మంచం మీద ముడుచుకు కూర్చున్న మనిషిని. కొట్టుకొచ్చే ఆడవాళ్ళందరికీ చెప్పే మాట, "ఊపిరి బిగబట్టకండమ్మా, మామూలుగా తీసుకోండి" అనే మాట, సొంత మొగుడికి చెప్పడం మర్చిపోయింది. మర్చిపోయిందాన్ని చేతులు గుర్తుపెట్టుకున్నాయి. ఫిలోమినమ్మ గాజు సంగతంతా తెలిసిన మనిషే, కానీ ఆవిడున్న గోడ ఎప్పుడూ పాడలేదు.

చట్రానికి ఇత్తడి వాడమని ఫిలోమినమ్మ చెప్పి ఉంది. నూకరత్నం వాడదు. ఇత్తడి మాట వినదు. మెత్తటి సీసం పట్టీ తెచ్చి, లంగాకి నాడా ఎక్కించినట్టు గాజు చుట్టూ ఎక్కిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు సీసం ముడుచుకుంటుంది, తీసినప్పుడు సాగుతుంది.

"మావా, ఊరేగింపుకి ఊదుతున్నట్టు ఊపిరి తియ్. ఇంకా. ఇంకా. ఊళ్ళో గాలంతా నీదే అనుకో."

గవర్రాజు తీస్తాడు. పాట అంచు మీద లేచి నిలబడి, దూకడానికి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటుంది. నూకరత్నం గాజుని దాని ముక్కు మీదే మూసేస్తుంది. సీసం అంచుల్ని బొటనవేలితో ఒత్తుకుంటూ చుట్టూ తిరిగి వస్తుంది. లోపల్నుంచి పాట నెమలికంఠం రంగుకి మొహం ఆనించి, కదలకుండా చూస్తుంది.

"వదులు," అంటుంది నూకరత్నం.

అతను ఊపిరి వదులుతాడు. అది గొంతులోంచి, నోట్లోంచి, క్లారినెట్లోంచి వస్తుంది. నూకరత్నం చతికిలబడి, అప్పుడు ఏడుస్తుంది. సంతోషంతోనే. ఇందులో దాచుకోవడానికేముంది?

శ్రావణం మొదటి ముహూర్తం పగటిపూటది. బ్యాండు కోటుకి ఛాతీ దగ్గరా వీపు మీదా వంపుగా కోసి, అంచులకి పసుపు పైపింగు వేసి తొడుగుతుంది నూకరత్నం. లోవతల్లి బ్యాండు స్టేషను రోడ్డు మీద బారు తీరుతుంది. ఎండ గవర్రాజు వీపు వైపు నుంచి వస్తోంది. సూరిబాబు చెయ్యి ఎత్తుతాడు. గవర్రాజు ఊపిరి తీసి, ఊదుతాడు.

వీపులోంచి దూరిన ఎండ ఛాతీలోంచి రంగులుగా బయటికొచ్చి రోడ్డు మీద పడుతుంది. పచ్చ పడిన చోట తారు మెత్తబడుతుంది. పసుపు పడిన చోట నిలబడ్డవాళ్ళకి ఆకలేస్తుంది. నెమలికంఠం నీలం పడిన చోట రోడ్డు లోతవుతుంది. డ్రమ్ములవాళ్ళు ప్యాంట్లు మడుచుకుని దిగుతారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. గవర్రాజు ఆపకుండా ఊదుతుంటాడు, నీలం ముందుకి సాగుతుంటుంది.

పెళ్ళికారు నీలం అంచుకొచ్చి ఆగుతుంది. పెళ్ళికూతురు తలుపు తీసి, చీర కాస్త పైకెత్తి, కిందికి చూస్తుంది.

"ఎంత లోతుంటది పిన్నీ?" అని నూకరత్నాన్ని అడుగుతుంది.

"మా ఆయన ఊపిరెంతో అంత. దిగమ్మా, నేనున్నాను."

పెళ్ళికూతురు దిగుతుంది. మోకాళ్ళు, నడుము, భుజాలు, ఆఖరికి పూలజడ కూడా నీలంలో మునుగుతాయి. లోపలి నుంచి ఆమె గాజుల చప్పుడు అత్తవారింటి వైపు తాపీగా సాగిపోతూ వినిపిస్తుంది. ఆ వెనకే పెళ్ళికొడుకు చెప్పులు విప్పి చేతబట్టుకుని దిగుతాడు. తర్వాత ఇద్దరి తల్లులూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగుతారు. ఖాళీ కారు నీళ్ళ మీద తేలుతూ, హారన్ కొట్టకుండా, వాళ్ళ వెనకాలే వెళ్తుంది.