బావిలో నిలిచిన చూపు

ఉప్పుగూడ సత్తెమ్మ రోజూ చీకటితోనే లేచి, రెండు బర్రెల పాలు పిండి, ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని రైలు పట్టాలు దాటి శాలిబండకు నడిచేది. పది ఇండ్లకు పాలు పోసి, ఆఖరుకు తాను బీబమ్మ అని పిలిచే ఇక్బాలున్నీసా ఇంటికి చేరేది. అక్కడ కాసేపు కూచుంటే గానీ కాళ్లు తిరుగుదారి పట్టేవి కావు.

ఫాల్గుణం, చైత్రం వచ్చాయంటే సత్తెమ్మ కండ్లకు కష్టకాలం. వేపలు పూతకొచ్చి, గాలికి దుమ్ము లేచే రోజుల్లో రెప్పల కింద ఇసుక చల్లినట్టుండేది. గడ్డివాములో చెయ్యి పెడితే తుమ్ములు ఆగేవి కావు. నలుపుకొని నలుపుకొని కండ్లు చింతనిప్పుల్లా అయ్యేవి. అందుకే ఆ రెండు నెలలూ పాలు పోయగానే ఇక్బాలున్నీసా వాకిట్లోని చేదబావి దగ్గరికి పోయి కండ్లు కడుక్కునేది. గల్లీలో ఎవరి కండ్లు మండినా ఆ నీళ్లే దిక్కు.

ఆ నీళ్లకు ఒక గుణం ఉండేది. కండ్లు కడుక్కున్న మనిషి ఆ పొద్దు మనసు పెట్టి ఏం చూసి వస్తే, ఆ చూపు బావిలో నిలిచేది. తర్వాత కడుక్కున్నవాళ్లు కండ్లు తెరవగానే కాసేపు అదే కనబడేది. అత్తరు దస్తగీర్ వెనకాల కడుక్కున్నవాళ్లకు వరసగా పేర్చిన సీసాలు, మేకల మైసయ్య వెనకాల కడుక్కున్నవాళ్లకు మేకల మూతులు. అందులో ఎవరికీ వింత లేదు. ఒక మర్యాద మాత్రం ఉండేది. కడుక్కున్నాక పది లెక్కపెట్టేదాకా కండ్లు తెరవకూడదు. ఆలోపు ఆ చూపు దాని దారిన అది పోతుంది. ఇంకొకరి చూపు చూడటమంటే అడగకుండా వాళ్ల పెట్టె మూత ఎత్తడమేనని ఇక్బాలున్నీసా అత్తగారు చెప్పి పోయింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ముప్పై ఏండ్లలో ఇక్బాలున్నీసా ఒక్కనాడూ పది కాకముందు కండ్లు తెరవలేదు.

ఆమె భర్త పోయి చాలాకాలమైంది. మఖ్మల్ గుడ్డ మీద బంగారు జరీతో పువ్వులు కుట్టి బతికేది. పెద్దింటి పెండ్లి బట్టలు సైతం ఆమె చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగేవి.

1938 చైత్రంలో ఒకనాడు సత్తెమ్మకు దురద ఎంత ముదిరిందంటే, కడుక్కుని మూడు లెక్కపెట్టేసరికే రెప్పలు వాటంతట అవే విచ్చుకున్నాయి. అంతకుముందు నమాజు కోసం కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని వజూ చేసుకున్న ఇక్బాలున్నీసా చూపు కనబడింది. జరీ పువ్వు. ఒక్కొక్క కుట్టూ లెక్కపెట్టేటంత తేటగా ఉంది. కానీ ఆ పువ్వు చుట్టూ ఏమీ లేదు. చేతి గాజు లోంచి చూస్తే ఎంత కనబడుతుందో అంతే. ఆవల నలుపూ కాదు, పొగా కాదు, ఉత్త లేమి.

సత్తెమ్మ మరునాడు కావాలనే కండ్లు తెరిచింది. మళ్లీ ఆ గాజంత గుండ్రమే. అందులో వజూ చెంబు మూతి ఉంది, దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పక్కనే పెట్టిన పాలగిన్నెను బీబమ్మ కాలితో తన్నడం, తలుపుచెక్కకు భుజం కొట్టుకోవడం.

ఇంటికి వచ్చి అత్త కొమురమ్మకు చెప్పింది. కొమురమ్మ తన అన్నకూ అట్లనే అయిందని, చూపు అంచుల నుంచి తరుగుతూ వచ్చిందని, నొప్పి లేదు గనుక ఆయనకే తెలియలేదని, తెలిసేనాటికి ఏమీ మిగలలేదని చెప్పింది.

మరునాడు సత్తెమ్మ ధైర్యం చేసి, మర్యాద తప్పినట్టు ఒప్పుకొని, చూసింది చూసినట్టు ఇక్బాలున్నీసాకు చెప్పింది. ఇక్బాలున్నీసా మొహం ఎర్రబడింది. సూది తీసుకొని మొదటిసారికే దారం ఎక్కించి చూపింది.

"నా కండ్లకు ఏ రోగం లేదు. నువ్వు పది లెక్కపెట్టుడు నేర్చుకో సత్తెమ్మా" అన్నది.

ఆ తర్వాత ఆమె తలుపు మూయలేదు. మండే కండ్లకు నీళ్లు కాదనడం ఆమెకు చేతకాదు. మాటలు మాత్రం బందయ్యాయి.

మాటతో కానిది చూపుతో అవుతుందని సత్తెమ్మకు తోచింది. బీబమ్మ కంటే ముందు తానే కడుక్కుంటే తన చూపు బావిలో ఉంటుంది కదా. ఆ మాట వినగానే కొమురమ్మ కోడలి గదవ పట్టుకొని మొహం వెలుతురుకు తిప్పింది.

"నీ కండ్లే నీళ్లు కారుతున్నయి. మసక చూపు పెట్టి ఆమెకు ఏం చూపిస్తవే?"

ఆనాటి నుంచి ఆ ఇంట్లో సత్తెమ్మ కండ్లే పెద్ద పని అయ్యాయి. గడ్డి దులిపే పని మొగుడు ఆగయ్య తీసుకున్నాడు. బర్రెల కొట్టంలోకి పోవాల్సి వస్తే ఆమె తడిగుడ్డ ముక్కుకు, మూతికి కట్టుకునేది. వాకిలి ఊడ్చేముందు నీళ్లు చల్లేది. గొంగళ్లు, దిండ్లు ఎండలో పడ్డాయి. కండ్లకు పెట్టుకునేందుకు అంగట్లో కొన్న సుర్మా డబ్బీ అవతలికి పోయింది. ఇంటికి రాగానే తలమీంచి స్నానం, ముక్కు దిబ్బడ వేస్తే వాము ఆవిరి. పడుకునేముందు కొమురమ్మ నందివర్ధనం పూలు చల్లనీళ్లలో ముంచి మూసిన రెప్పల మీద పెట్టేది. కంచంలో రోజూ పొన్నగంటి కూరే. అన్నిటికంటే కష్టం నలుపుకోకుండా ఉండటం. చెయ్యి లేచినప్పుడల్లా సత్తెమ్మ కొంగు పట్టుకొని పిడికిలి బిగించేది.

పన్నెండో రోజుకు కండ్ల ఎరుపు పోయి తేటబడ్డాయి.

పదమూడో నాడు ఆమె పట్టాల పక్క దిబ్బ ఎక్కి నిలబడింది. అప్పుడే తెల్లవారుతోంది. తల తిప్పకుండా చూసింది. ఎడమ చివర ఫలక్‌నుమా గుట్ట, కుడి చివర మేతకు పోయే బర్రెల వరస, మధ్యలో రైలు పొగ, పైన కొంగలు. ఇంత వెడల్పు లోకం తన రెండు కండ్లలో రోజూ పడుతోందని అంతవరకూ ఆమె అనుకోనేలేదు. కడుపు నిండేదాకా చూసి, కొంగు ముందుకు లాక్కుని, కాలివేళ్లు తప్ప ఏమీ చూడకుండా, నిండుబిందె తొణకకుండా మోసినట్టు ఆ చూపును శాలిబండదాకా మోసింది.

ఆనాడు మొదటి పాలు ఇక్బాలున్నీసాకే. ఆమె ఇంకా వజూకు కూచోలేదు. సత్తెమ్మ నీళ్లు చేది కండ్లు కడుక్కుంది.

"బీబమ్మా, నా చూపు బావిలో పెట్టిన. నేనే ఇస్తున్న, ఇది దొంగతనం కాదు. ఈ ఒక్కసారి పది లెక్కపెట్టకుండ్రి."

ఇక్బాలున్నీసా చేద తాడు పట్టుకొని చాలాసేపు నిలబడింది. తర్వాత కూచుని, దోసిట్లో నీళ్లు తీసుకొని, కండ్లు కడుక్కుని, తెరిచింది.

ఆమె చేతులు రెండూ మెల్లగా పక్కలకు లేచాయి. గుడ్డ కొలిచేవాళ్లలా అవి దూరం దూరం జరిగి, ఇక చాచే వీలు లేనిచోట ఆగాయి.

"ఇంత ఉంటదా?" అన్నది.

"ఇంత ఉంటది."

"నాక్కూడా ఉండె సత్తెమ్మా" అన్నది ఇక్బాలున్నీసా. "ఎప్పుడు పోయిందో నాకు ఎరుక లేదు."

చేతులు అట్లే ఉండగా ఆ చూపు వెళ్లిపోయింది. మళ్లీ ఆ గాజంత గుండ్రమే మిగిలింది. ఆమె బావి గట్టుకు ఆనుకొని ఏడ్చింది. మిగతా పది ఇండ్లవాళ్లు ఆ పొద్దు పాలకోసం ఎదురుచూశారు.

ఆ పూటే ఇద్దరూ టాంగాలో కండ్ల డాక్టరు దగ్గరికి పోయారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని, దానికి పూలూ ఆకులూ పనిచేయవని, పోయింది తిరిగి రాదని ఆయన చెప్పాడు. ఉన్నదాన్ని మాత్రం నిలపవచ్చు. ఇంకో ఆర్నెల్లు ఆలస్యమైతే నిలపడానికీ ఏమీ ఉండేది కాదన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ చేసి, రెండో కంటికి పొద్దున, సాయంత్రం వేసుకోవడానికి చుక్కల మందు ఇచ్చాడు.

ఇక్బాలున్నీసా ఆ తర్వాత పద్నాలుగేండ్లు జరీ కుట్టింది. పక్కన ఉన్నది కనబడదు గనుక మొహమంతా తిప్పి చూడటం నేర్చుకుంది. పిల్ల పలకరించినా, పూలమ్మే మనిషి పలకరించినా పూర్తిగా అటు తిరిగేది. కొత్తవాళ్లు దాన్ని ఖాందానీ తహజీబ్, పెద్ద వంశపు నడవడిక అనుకునేవాళ్లు, ఇంత పెద్దమనిషి మనకు ఇంత మర్యాద ఇచ్చిందని మురిసేవాళ్లు. పాలు పోసే సత్తెమ్మ వైపు తిరిగినప్పుడు మాత్రం ఆమె మొహం తొందరగా మళ్లేది కాదు.