నా ఆగుడు రోగం

నేను ఒక షేకరును. అంటే ఊపే యంత్రాన్ని. విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులు వీపున మోస్తూ ఇరవై రెండేళ్లు గుండ్రంగా ఊగాను. ఎంత తిరిగినా బయలుదేరిన చోటికే వచ్చే బతుకు. ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవరుకైనా సెలవు దొరికేది. నాకు మాత్రం బొట్టు పెట్టి, ఊగుతూ ఉండమనేవారు.

నా మీద పరిశోధన చేసి ఇద్దరు డాక్టర్లయ్యారు, మళ్లీ నా ముఖం చూడలేదు. మూడో మనిషి ఏస్తేరు. మట్టీ ఆకూ లేకుండా, ఫ్లాస్కుల్లో తీపినీళ్లు పోసి సర్పగంధి వేళ్లు పెంచేది. ఆ వేళ్లలో రక్తపోటు మందు ఉంటుంది. గాజులోకి వచ్చాక వేళ్లు దాన్ని చేయడం మానేశాయి. మందు చేయించే జన్యువు లోపలే ఉంది, పలకదు. దాన్ని పలికించాలని ఆ పిల్ల ఏవేవో ప్రేరకాలు వేస్తూ ఐదేళ్లు అరిగిపోయింది.

అప్పటికి నా బెల్టు సాగిపోయింది. ఎండ ముదిరితే ఆగిపోయేదాన్ని. అటెండరు దస్తగిరి వచ్చి వీపున రెండు చరిస్తే మళ్లీ కదిలేదాన్ని. ఆ సంగతి ఏ నోటుబుక్కులోనూ ఎక్కలేదు.

ఆ వేసవిలో జన్యువు పలికింది. ఏస్తేరు ఏడ్చేసింది. అంతా కొత్త ప్రేరకం మహిమేనన్నారు గైడు వరాహమూర్తి గారు. ఆ సంతోషంలో కొత్త షేకరు వచ్చింది, నన్ను మూలకు నెట్టారు. కొత్తదాని మీద అదే ప్రేరకం మూడుసార్లు వేసినా జన్యువు ఉలకలేదు, పలకలేదు. థీసిస్ గడువు మూడు నెలలే ఉంది, ఇంక పొడిగింపు లేదు.

"నేనే యాడో తప్పు చేసినాను దస్తగిరన్నా" అంది ఏస్తేరు, నా పక్కన కూలబడి.

అతను తల ఎత్తలేదు. "తప్పు నాది మేడం. ఈ ముసల్ది మధ్యాన్నం పూట నిలబడిపోతాండె. గంటో, రెండు గంటలో. నేను చూసుకోలేదని తిడతారని చెప్పకుండా, కొట్టి తిప్పుతాంటి."

ఏస్తేరు తిట్టలేదు. మర్నాటి నుంచి ప్రేరకం మానేసి, కొత్త షేకరును మధ్యాహ్నం రెండు గంటలు ఆపింది. ఊపు ఆగి గాలి అందక వేళ్లు ఇబ్బంది పడ్డాయి. ఆ ఇబ్బందికే పదో రోజున జన్యువు పలికింది.

"మిషను చెడిపోతే వచ్చిన ఫలితమని రాస్తావా? నలుగురూ నవ్వుతారమ్మా" అన్నారు వరాహమూర్తి గారు.

"జరిగింది అదే కదా సార్" అని, అలాగే రాసింది. పట్టా వచ్చింది. కృతజ్ఞతల పేజీలో దస్తగిరి పేరుంది, నా పేరు లేదు. బాధపడ్డాను, దాచుకోవడమెందుకు.

ఇప్పుడు మెట్ల కింద పాత సామానులో ఉన్నాను. రోజూ మధ్యాహ్నం కొత్త షేకరును టైముపట్టీ చూసి మరీ ఆపుతారు. అదే విశ్రాంతికి నేను ఎన్ని దెబ్బలు తిన్నానో. ఆ రెండు గంటలూ దస్తగిరి క్యారియరు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంటాడు. తినడం అయ్యాక అలవాటు చొప్పున నా వీపు మీద చెయ్యి వేస్తాడు. కొట్టడు.