రాలేదన్న పెట్టె

"మీ పెట్టె ఇంకా ఓడ దిగలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూ గోడౌను మేనేజరు రసీదును కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

అది బురదలో పడింది. టైలరమ్మ వంగి తీసుకుని కొంగుతో తుడుచుకుంది. ఈ కిటికీ దగ్గరికి ఆమె రావడం ఇది ఆరోసారి. మిట్టమధ్యాహ్నం. రేకుల కప్పు కింద, ఆమె వెనక, మరో పదిహేను మంది చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. అందరూ పరాయిదేశంలో పని ముగించుకుని, సామాను ఓడకెక్కించి, తాము విమానంలో ముందుగా వచ్చినవాళ్ళే. నలభై రోజుల్లో ఇంటి గుమ్మం ముందు దించుతామని అక్కడి కార్గో ఆఫీసువాళ్ళు చెప్పారు. ఇక్కడికొచ్చాక గుమ్మం మాట ఎవరూ ఎత్తలేదు.

"దిగని పెట్టెకు నిల్వ కిరాయి ఎట్లా కట్టించుకున్నావు నాయనా?" అని అడిగింది వెంట వచ్చిన అక్క. "రోజుకు నూట యాభై. సముద్రంలో ఉన్నంతకాలం కూడా నీకే కట్టాలా? సముద్రం మీ తాతగారిదా?"

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేనేజరు కిటికీ తలుపు వేసేశాడు.

టైలరమ్మ పదకొండేళ్ళు అక్కడ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. గంట మోగితే కూర్చోవాలి, గంట మోగితే లేవాలి. ఆ లైను మూసేసి పాత మిషన్లను అమ్మకానికి పెట్టినప్పుడు, తాను కూర్చున్న మిషన్నే రెండు నెలల జీతం పోసి కొనుక్కుంది. మోటారుకు పాత దుప్పట్లు చుట్టి, చెక్కపెట్టె చేయించి, దాని మీద ఆకుపచ్చ రంగుతో తన పేరు తానే రాసుకుంది. అక్క ఇంటి వసారాలో మిషను పట్టేంత చోటు కొలిచి, అక్కడి గోడకు సున్నం కూడా కొట్టింది. ఆ చోటు నెలన్నరగా ఖాళీగా ఉంది.

"గొంతు తడుపుకుని వద్దాం పద" అని అక్క ఆమెను గోడౌను వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

వెనక గేటు ముందు లారీ ఆగి ఉంది. నేల మీది నుంచి లారీలోకి వేసిన పలక మీదుగా ఒక పెట్టెను ఎక్కిస్తున్నారు. కింద నుంచి భుజం పెట్టి నెడుతున్న హమాలీని అందరూ బక్కోడంటారు. పేరుకే బక్కోడు, గుమ్మానికి అడ్డం నిలబడితే లోపల దీపం పెట్టుకోవాలి. పైనుంచి తాడు పట్టి లాగుతున్నవాడు మేనేజరు బావమరిది. పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలు.

టైలరమ్మ అరవలేదు. పరుగెత్తుకెళ్ళి, పెట్టెకు కట్టిన తాడు కిందికి చెయ్యి దూర్చి గట్టిగా పట్టుకుంది.

"ఇది నాది."

బక్కోడు తల తిప్పుకున్నాడు. రెండుసార్లు ఆమె ఇతన్నే అడిగింది. రెండుసార్లూ "రాలేదమ్మా" అన్నాడు. ముందు గేటు పనికి రోజుకు ఐదు వందలు కూలి. వెనక గేటు నుంచి పెట్టె వెళితే, ఒక్కోదానికి మరో రెండు వందలు.

"నీకు తెలుసు కదా అన్నా" అంది టైలరమ్మ.

మేనేజరు మేకులు పీకే ఇనుప కడ్డీతో బయటికొచ్చాడు. "గడువు దాటిన సామాను అమ్ముకునే హక్కు మాకుంది. చెయ్యి తియ్యి."

"ఇప్పుడేగా ఓడ దిగలేదన్నావు!" అని అక్క అతనికి ఎదురెళ్ళింది. అతను ఆమె మెడ మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. లారీ అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది.

"లాగరా!"

బావమరిది లాగాడు. తాడు పెట్టెకు బిగుసుకుపోయి టైలరమ్మ మణికట్టు మీద చర్మం లేచిపోయింది. ఆమె కేక వేసింది. ఆ కేకకు ముందే చూపుడువేలు పటుక్కుమనడం బక్కోడికి వినిపించింది.

"బావా, చెయ్యి ఇరుక్కుంది."

"చెయ్యొస్తే చెయ్యే రానీ! బక్కోడా, నెట్టరా!"

"ఆడమనిషి చెయ్యి సార్."

"నెట్టమంటున్నానా!"

"నెట్టను."

అన్నాక అతనికే భయమేసింది. పదిహేనేళ్ళలో ఈ మనిషి ముందు ఆ మాట అన్నది లేదు. డెబ్బై కిలోల బరువూ భుజం మీదికి తీసుకుని అడుగడుగు వెనక్కి దిగసాగాడు. బావమరిది చేతిలోంచి తాడు జారింది.

మేనేజరు చేతిలోని కడ్డీ మొదటి దెబ్బ వీపున పడింది. అతని రెండు చేతులూ పెట్టె కిందే ఉన్నాయి; వదిలితే అది పక్కనున్న ఆమె మీదికి ఒరుగుతుంది. రెండో దెబ్బకు పక్కటెముక కదిలింది. మూడోది మోకాలి వెనక తగిలింది. మోకాలు మడత పడింది గాని పెట్టె పడలేదు. నాలుగో దెబ్బ చెవి మీద పడింది. నెత్తురు మెడలోకి కారుతుండగా పెట్టెను నేలకు ఆనించి, దాని పక్కనే కూలబడ్డాడు.

అక్క నుదుటి నెత్తురు తుడుచుకుంటూనే ముడి విప్పి చెల్లెలి చెయ్యి బయటికి తీసింది. వేలు పక్కకు వాలి ఉంది.

"కుట్టే చెయ్యక్కా" అంది టైలరమ్మ. అప్పటికి గాని ఏడవలేదు.

కేకలు విని ముందు వరసలోని జనం గోడౌను వెనక్కి వచ్చారు. గేటు దగ్గర మరో నలుగురు హమాలీలు నిలబడిపోయి ఉన్నారు.

"చూస్తారేంట్రా? ఎత్తండి! మనిషికి వెయ్యి ఇస్తా!" అన్నాడు మేనేజరు.

వాళ్ళలో పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు. బక్కోడి పక్కన కూర్చుని చెవికి కట్టు కట్టాడు. మిగతా ముగ్గురూ కదల్లేదు.

బక్కోడు నెత్తురు ఉమ్మి జనం వైపు చూశాడు.

"లోపల మీవి ఇంకా ఉన్నాయి. నాకు చదువు రాదు, గుర్తులు చెప్తా. నీలం టార్పాలిన్ చుట్టింది ఎవరిది?"

"నాది" అంది ఒకామె.

"మూడు తాళాల రేకుపెట్టె?"

"మాది" అంటూ ఒక నడివయసు మనిషి ముందుకొచ్చాడు.

"దాని తాళాలు నేనే పగలగొట్టాను. సామాను పోయింది. ఖాళీ పెట్టె ఉంది."

ఆ మనిషి అతని చొక్కా గుంజి పిడికిలి ఎత్తాడు. బక్కోడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "కొడితే తర్వాత కొట్టు. వాళ్ళు తలుపేస్తున్నారు, చూడు."

మేనేజరు, బావమరిది లోపలికి దూరి ఇనుప తలుపు మూస్తున్నారు. నీలం టార్పాలిన్ ఆమె అందరికంటే ముందు వెళ్ళి సందులో భుజం పెట్టింది. నడివయసు మనిషి బక్కోడి చొక్కా వదిలేసి ఆమె వెనక చేరాడు. తర్వాత అక్క. తర్వాత మిగిలినవాళ్ళు. సందులోంచి ఇనుప కడ్డీ బయటికొచ్చి ఎవరికి తగిలితే వాళ్ళను పొడుస్తోంది. తలుపు జానెడు మూసుకుంటోంది, మళ్ళీ జానెడు తెరుచుకుంటోంది.