ఉత్తరం మొఖం కారు

నా చెవి మీద నాకు మస్తు నమ్మకం. అర్సపల్లి రోడ్డు మీద నా షెడ్డు ముంగట ఏ బండి పోయినా, తల ఎత్తకుండనే దాని బీమారి చెప్తా. పదహారేండ్లు లారీలు విప్పిన చేతులివి. గసుంటి ఈ ఆత్మారాంను ఒక పాత కారు పది దినాలు పిచ్చోణ్ణి చేసింది. నవ్వుతె నవ్వుండ్రి, మొత్తం చెప్త.

కారు ఎడపల్లి భోజన్నది. పెట్రోల్ ధర మండిపోయిన ఏడాది అది. నాందేడ్‌ల ఎవరో అంబాసిడర్‌లకెల్లి పెట్రోల్ ఇంజన్ పీకి, డీజిల్ ఇంజన్ కూసోబెట్టి, నడిపినన్ని దినాలు నడిపి అమ్ముతుంటే భోజన్న పోయి తెచ్చుకున్నడు. చెరుకు పండించుకునెటోనికి కారెందుకని ఊరు ఊరంత నవ్విందట. నేను నవ్వలే. ఆయన పెండ్లం గంగమణికి రెండు కాన్పులు ఇంట్లనే అయినయ్. మొదటిసారి ఎడ్లబండి కట్టేటాల్లకే ఆలస్యమాయె. రెండోసారి పొద్దుగాల బస్సు రాకపాయె. ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు గని ఏడ్వలే. ఇప్పుడు మల్ల నెలలు నిండినయ్. నొప్పులు షురూ అయిన గంటల తన ముంగట ఉండాలెనని నిజామాబాద్ దవఖానల డాక్టరమ్మ చెప్పింది. గందుకే ఆ కారు.

కారు తెచ్చిన మూడోనాడు నన్ను పూజకు పిలిచిండ్రు. పోయి చూద్దును గద, ఇంటి ముంగట కారు దక్షిణం మొఖం పెట్టి నిలబడ్డది. నాకు తిక్క లేసింది.

"ఏందిర భోజన్నా, దిమాక్ ఉన్నదా? ఇంట్ల నిండు మనిషిని పెట్టుకొని బండిని యముని దిక్కు నిలబెడతవా? తిప్పు ముందు!" అన్న.

భోజన్న తల్లి భూమవ్వ నాకు రెండు చేతులెత్తి మొక్కింది. "మంచి మాట చెప్పినవ్ బిడ్డా, మాకు తోచనే లేదు" అన్నది. అందరం కలిసి కారును ఉత్తరం దిక్కు తిప్పినం. కొబ్బరికాయ కొట్టి, ఆమె పెట్టిన బెల్లమన్నం తిని, పెద్దమనిషి లెక్క ఇంటికొచ్చిన.

మర్నాడు తొమ్మిదిగొట్టంగ భోజన్న కారేసుకొని షెడ్డుకొచ్చిండు. మొఖంల నెత్తురు సుక్క లేదు.

"అన్నా, పొద్దుగాల లేస్తలేదు. సెల్ఫ్ కొట్టంగ కొట్టంగ పావుగంటకు లేసింది. లేసినా గజగజ వణికింది. తెల్లపొగ వాడంత కమ్మింది."

"గింతేనా? చలికి డీజిల్ ఇంజన్ గట్లనే చేస్తది" అని హీటర్ ప్లగ్గులు ఇప్పి చూసిన. ఇంజన్ లోపల వెచ్చబెట్టే ప్లగ్గులవి. నాలుగిట్ల రెండు కాలిపోయినయ్. దొరికింది దొంగ అనుకొని కొత్తవేసి, "పో, ఇగ నిమ్మలంగ పండుకో" అన్న.

తెల్లారి మల్ల వచ్చిండు. అదే వణుకు, అదే పొగ.

బ్యాటరీ మార్చిన. మల్ల వచ్చిండు. నాజిళ్ళు ఇప్పి కడిగి, డీజిల్ ఎట్ల చిమ్ముతున్నయో ఒక్కొక్కటి చూసిన. బరాబర్ ఉన్నయ్. ఇగ ఇట్ల కాదని బండిని రాత్రికి నా షెడ్డుల్నే ఉంచుకున్న. తెల్లారి పొగమంచుల తాళం తిప్పిన. ఒక్క కొట్టుడుకే లేసింది! పొగ లేదు, వణుకు లేదు. భోజన్నను పిలిపించి, నేనేదో చేసి బాగుచేసినట్టే అప్పజెప్పిన. అబద్ధమెందుకు, ఏం బాగుచేసిన్నో నాకే తెల్వదు.

వాళ్ళింటి కాడ తెల్లారి మల్ల అదే కత.

నాకు దిమాక్ ఖరాబైంది. నా కాడ బుద్ధిగ ఉంటది, వాని కాడికి పోతే మొండికేస్తది. అర్సపల్లికొక చలి, ఎడపల్లికొక చలి ఉంటదా? డీజిల్‌ల కిరసనాయిలు కలుపుతున్నవా అని భోజన్న మీద పడ్డ. తల్లి మీద ఒట్టేసిండు. సెల్ఫ్ కొట్టరాదు నీకు అని తిట్టిన. తలకాయ వంచుకొని విన్నడు. ఆఖరికి మెల్లగ అన్నడు.

"అన్నా, కోపం చెయ్యకు. తెచ్చిన మొదలు రెండు దినాలు మంచిగనే లేసింది. నువ్వు వచ్చిపోయినంకనే..."

"అంటే? నా చెయ్యి తగిలి ఖరాబైందా?"

"గట్లన్ననా అన్నా..."

"మల్ల ఎట్లన్నవ్?" అని ఇంకింత ఎగిరిన. వాడు కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. "డాక్టరమ్మ ఈ వారమే అన్నదన్నా. పావుగంట... మాకు పావుగంట యాడున్నది?" అన్నడు.

తెల్లారి కోడి కూయకముందే సైకిలేసుకొని ఎడపల్లి పోయిన. చెరుకు బండ్లు బోధన్ దిక్కు వరుసగ పోతున్నయ్. చలికి వేళ్ళు కొంకర్లు పోయినయ్. పోంగనే ప్లగ్గులు వేడిచేసి సెల్ఫ్ కొట్టిన. గుర్ గుర్ అంటది, అందుకోదు. మల్ల కొట్టిన. ఆఖరికి డీజిల్ ముంచిన గుడ్డకు అగ్గంటించి గాలి పీల్చే మూతి కాడ పడితే దగ్గుకుంట లేసింది. పావుగంట మీదనే అయింది. గంగమణి దర్వాజ పట్టుకొని ఆ పావుగంట నిలబడే ఉన్నది. నన్ను సుత చూడలే, కారునే చూసింది.

నట్లు ఇప్పే పానాలు సంచిల సర్దుకుంటుంటె అండ్లకెల్లి ఒక బేరింగు గుండు ముందు చక్రం కాడ కింద పడ్డది. పట్టుకుందునా, దొరకలే. కారు కిందికెల్లి దొర్లుకుంట దొర్లుకుంట, వెనుక చక్రం దాటి, సందు మొదట్ల మోరీల పడ్డది.

నేను గట్లనే వంగి ఉండిపోయిన.

భోజన్న ఇల్లు గడ్డ మీద. సందంత ఏటవాలు. కారు మూతి పైకి, డీజిల్ ట్యాంకు ఉండే వెనుక భాగం కిందికి. ఇంజన్‌కు డీజిల్ ఎక్కించే చిన్న పంపుల వాల్వు అరిగి ఉంటది. రాత్రంత డీజిల్ మెల్లగ ట్యాంకు లోపలికి జారిపోతది, పైపుల గాలి కూసుంటది. గాలి పోయేదాక ఇంజన్ ఏం తాగి లేస్తది? నా షెడ్డు సాపు నేల, అందుకే లేసింది. మొదటి రెండు దినాలు కారు మూతి కిందికుండె. దక్షిణం దిక్కు.

తిప్పిచ్చింది ఎవడు? నేనే!

పంపు పోయిందని చెప్పి నా తప్పు దాసుకుంటె అయిపోయేది, ఎవలకు తెలుస్తది? గని వాల్వు హైదరాబాద్ నుంచి రావాలె, వారం పడతది. గంగమణికి వారం లేదు. సందు ఇరుకు, కారును తూర్పుకో పడమరకో అడ్డం పెట్టే జాగ లేదు.

"భోజన్నా, కారు తిప్పాలె. మొదలున్నట్టే పెట్టాలె. తప్పు నాది. దిక్కులు చూసిన గని నేల వాలు చూడలే" అన్న.

భూమవ్వ అడ్డమొచ్చి నిలబడ్డది. "ఏం మాటలు బిడ్డా ఇవి? నువ్వే గద యముని దిక్కు అన్నవ్? ఇప్పుడు గా దిక్కే పెట్టుమంటవా? నా కోడలు బతుకాలె, నా మనుమడు బతుకాలె. వద్దంటె వద్దు."

నా మాటే నా నెత్తిన తిరిగి పడ్డది. భోజన్న తల్లి దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూస్తున్నడు. అప్పుడు గంగమణి మెట్టు దిగింది. నడుము పట్టుకొని మెల్లగ వచ్చి కారు మీద చెయ్యేసింది.

"అత్తా, రెండుసార్లు నా మంచం తూర్పు తలాపే ఉండె. బండి తూర్పు మొఖమే కట్టిండ్రు. దీపం సుత దిక్కు చూసే పెట్టినవ్. ఏం తప్పినం మనం?" అన్నది. "నాకు దిక్కు వద్దత్తా. బండి లేస్తె సాలు."

భూమవ్వ కొంగు నోట్ల కుక్కుకొని పక్కకు జరిగింది. ఇంజన్ ఇంక వేడి మీదనే ఉండె, భోజన్న స్టీరింగు పట్టి సందు బయట రోడ్డు మీద తిప్పుకొచ్చిండు. కారు దక్షిణం మొఖం తిరిగింది.

మూడు దినాలకు, ఇంక సూర్యుడు పొడువలే, షెడ్డు ముంగట వేపపుల్ల నములుకుంట నిలబడ్డ. బోధన్ దిక్కు నుంచి సప్పుడు వినబడ్డది. తల ఎత్తలే. నాలుగు సిలిండర్లు సాపుగ కొడుతున్నయ్. నా చెవి తప్పదు. కారు ఆగకుండనే పోయింది, అప్పుడు తల ఎత్తి చూస్తె వెనుక సీట్ల భూమవ్వ ఒళ్ళె గంగమణి తల కనబడ్డది. ఆనాడు షెడ్డుల ఏ పనీ చేతిల నిలువలే. ఒక లారీ నట్టు మూడుసార్లు బిగించి మూడుసార్లు ఇప్పిన.

పదకొండుగొట్టంగ కారు వచ్చి ఆగింది. భోజన్న దిగిండు. నా ముంగటికొచ్చి చేతులు రెండు పట్టుకొని ఇడుస్తలేడు. నాకు మల్ల తిక్క లేసింది, "ఏమైందో చెప్పరాదుర!" అని గద్దరించిన.

"బిడ్డ ఏడ్చిందన్నా" అన్నడు. "దవఖానంత వినబడేటట్టు ఏడ్చింది."